గ్లవ్స్ లేని చెయ్యి

అమెరికాలో, చాండ్లర్‌ కమ్యూనిటీ కాలేజీలో పసిపిల్లల టీచరు కోర్సు చదివేటప్పుడు నా పక్కన ఒక పెద్దావిడ కూర్చునేది. గుంటూరులో ఇరవై ఏళ్లు ఎల్‌కేజీ టీచరు. అదంతా ఇక్కడ చెల్లదన్నారు, మళ్లీ మొదటినుంచి చదువుకుంటోంది. పాఠం వింటున్నంతసేపూ ఆవిడ కుడిచేతి వేళ్లు కనిపించని ముద్దలేవో చేస్తూ ఉండేవి.

ప్రాక్టికల్స్‌కి ఇద్దరినీ ఒకే డేకేర్‌కి పంపారు. ఓ మూల కూర్చుని చూసింది చూసినట్టు రాయాలి, పిల్లల్ని తాకకూడదు. అక్కడ కొత్తగా చేరిన తెలుగు పాప ఒకతె లంచ్‌బాక్సు ముట్టుకోవడం లేదు. మూడో రోజు ఆవిడ లేచింది.

"ఆంటీ, వద్దు. రూల్స్ ఒప్పుకోవు," అన్నాను.

"పిల్ల పస్తుంటే నోట్స్ రాసుకుంటూ కూర్చుంటామా అమ్మా?"

పాప ముందు బాసింపట్టు వేసుకుని, పెరుగన్నం చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టింది. బాక్సు ఖాళీ అయింది.

"గ్లవ్స్ లేకుండా, అనుమతి లేకుండా, చేత్తో తినిపించింది," అని రాశాను. ఒక్క అబద్ధం లేదు. పాప తిన్నదని మాత్రం రాయలేదు.

నాకు నూటికి నూరొచ్చాయి. ఆవిణ్ణి ప్రాక్టికల్స్ నుంచి తీసేశారు. కారణం కింద నా కాగితమే చూపించారట. బయట కనబడితే, "ఉన్నదే రాశావులేమ్మా," అంది. ఆవిడ వేళ్లు కదలడం లేదు.

ఇప్పుడు నేనూ డేకేర్ టీచర్నే. తినని పిల్లలు రోజూ ఒకరిద్దరుంటారు. గ్లవ్స్ తొడుక్కుని బాక్సు మూత పెట్టేస్తాను. "ఈరోజు తినలేదు," అని వాళ్ల అమ్మానాన్నలకి యాప్‌లో రాస్తాను.