చేత్తో తిప్పి చూసిన ఇంజను

ఇప్పుడు మా వీధిలో కరెంటు పోతే పక్క భవనంలోని జనరేటరు దానంతట అదే మొదలవుతుంది, ఎవరూ చెయ్యి వేయనక్కరలేదు. నిన్న అది అలా మొదలైనప్పుడు మా మామ, అంటే నా భార్య తండ్రి, గుర్తొచ్చారు. మన వయసువాళ్లకు గుర్తు రావడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు కదా.

ఆయన రెండో ప్రపంచ యుద్ధకాలంలో బెంగుళూరులో విమానాల ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్కు. పంతొమ్మిది వందల తొంభైల్లో ధర్మవరంలో విశ్రాంతిగా ఉన్నా అలవాటు మాత్రం పోలేదు. టేబుల్ ఫ్యాను రెక్కను కూడా ఒక చుట్టు చేత్తో తిప్పి చూశాకే స్విచ్చి వేసేవారు. "మీ మామకు ఫ్యాను గూడా ఇమానమేనప్పా, ఆయన తిప్పేలోగా మేము ఉక్కకు సస్తాండాం" అనేది మా అత్త.

ఇంజన్ల హోరు ఆయన చెవులను చాలావరకు తినేసింది. మిగిలిన కాస్త వినికిడి పోకముందే అప్పట్లో తాను బిగించిన రకం విమానపు ఇంజను చప్పుడు ఒక్కసారి వినాలన్నది ఆయన కోరిక. హిందూపురంలో ఒక సాంకేతిక కళాశాల వాళ్లు అలాంటిదే స్టాండు మీద పెట్టుకున్నారని, వార్షికోత్సవంలో నడిపి చూపాలనుకుంటున్నారని తెలిసి నేనే మాట్లాడాను. అప్పట్లో నా ఉద్యోగం పెనుకొండలో. ఆయన ధర్మవరంలో ఎక్కిన ప్యాసింజరులోనే నేను పెనుకొండలో ఎక్కాను.

సిలిండర్లు బండిచక్రం ఆకుల్లా చుట్టూ అమర్చిన ఇంజను అది. ఊరికే నిలబడితే కింది సిలిండర్లలోకి నూనె దిగుతుంది కాబట్టి, నడిపే ముందు దానికి బిగించిన పంఖా రెక్కలను చేత్తో తిప్పి చూడాలి. మామ తిప్పారు, నేను పక్కన లెక్కపెట్టాను, మూడో రెక్క దగ్గర ఆగిపోయింది. ఎదురుగా కుర్చీల్లో అతిథులు.

"ఇంగొంచెం గట్టిగా తోస్తే పోతాది కదా పెద్దాయనా" అన్నాడు అక్కడి మాస్టారు.

మామ రెక్క వదిలేశారు. "ఏమప్పా, నీ గెస్టుల కోసరం ఇంజన్ను సంపమంటావా? లోపల నూనె ఉండాది. తోస్తే పిస్టన్ కడ్డీ వంగుతాది."

కింది సిలిండర్ల ప్లగ్గులు విప్పి నూనె కార్చబోతే ఒకటి మొండికేసింది. దాన్నీ ఆయన బలవంతపెట్టలేదు; కిరసనాయిలు పోసి, గుడ్డ చుట్టి, చేతులు కడుక్కున్నారు. అతిథులు లేచి వెళ్లిపోయారు.

ఆ ప్లగ్గు ఊడి, కొత్తది దొరికి, మళ్లీ పిలుపు వచ్చేసరికి దాదాపు ఏడాది పట్టింది. అప్పటికి ఆయనకు ఏమీ వినబడడం లేదు. అయినా వచ్చారు, రెక్కలు తిప్పారు, ఈసారి ఎక్కడా ఆగలేదు. ఇంజను అందుకుంది. ఆయన స్టాండు మీద అరచెయ్యి ఆనించి, చేతికి తెలిసిన అదురు చాలలేదేమో, నా వైపు తిరిగి అరిచారు: "అన్నీ సమంగా పలుకుతాండాయా?"

సమంగా పలకడమంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. తల ఊపాను. ఆయన నమ్మారు.

ఆ రోజు డైరీలో రైలు వేళలు, భోంచేసిన హోటలు, వాన పడలేదన్న సంగతి ఉన్నాయి. చప్పుడు గురించి ఒక్క ముక్క లేదు. కొన్నేళ్లకు ఆయన పోయిన రోజు పేజీ కూడా అంతే పొడిగా ఉంది. అప్పుడూ ఏడుపు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు.

తర్వాత ఆ ఇంజన్నూ తీసేశారు. ఈ కాలంలో యంత్రం బాగుందో లేదో యంత్రమే తెర మీద చెబుతుంది, మంచిదే. ఆ రోజు అది సమంగా పలికిందో లేదో చెప్పగలిగినవాళ్లు మాత్రం మా వైపు ఎవరూ మిగల్లేదు. విన్నవి నా చెవులు, వాటికి తెలియదు.