మూడు వేళ్ళతో ఇదాల్మిస్

వయొలిన్‌కి పెద్దన్నలాంటి చెల్లోని ఇదాల్మిస్ వాయిస్తుంటే, పక్కన ఇరవై రెండేళ్ళుగా పియానో వాయిస్తున్నవాణ్ణి నేను. మా ఇద్దరిదీ కమగ్వే ఊళ్ళో ఒకే వీధి. కొత్త తీగలు దొరకని కరువు రోజుల్లో వాళ్ళ నాన్న సైకిలు బ్రేకు తీగ బిగించి ఇస్తే దానిమీదే సాధన చేసింది. వేళ్ళు కోసుకుపోయేవి. "ఆ పిల్ల వాయిస్తోందా, పిల్లికి స్నానం చేయిస్తోందా?" అని ఎదురింటి ఒదాలిస్ అత్త ఎత్తిపొడిచేది. పరీక్షల ముందు మాత్రం రేషన్లో తన వంతుకొచ్చిన పాలు తెచ్చి ఆ పిల్ల చేతే తాగించేది.

తర్వాత మెక్సికో, లిస్బన్, టోక్యో. ఏడాదికి అరవై కచేరీలు. విమానంలో చెల్లోకి కిటికీ పక్క సీటు, నాకు నడవ పక్క సీటు. "వాడు నీకంటే బుద్ధిమంతుడు, ఎవెలియో, ఒక్కసారి కూడా లేవడు" అని చెల్లోని చూపించి నాతో అనేది.

నలభై ఒకటో ఏట, బొగోటాలో రిహార్సల్ చేస్తుండగా ఆమె ఎడమచేతి ఉంగరపు వేలు ముడుచుకుపోయింది. చెంచా పట్టుకుంటే బాగానే ఉంటుంది. జడ అల్లుకున్నా బాగానే ఉంటుంది. తీగమీద పెడితే మాత్రం అరచేతిలోకి ముడుచుకుంటుంది. ఎముకలో లోపం లేదు, మెదడే ఆ వేలికి తప్పు కబురు పంపుతోందన్నారు డాక్టర్లు. కచేరీలన్నీ రద్దయ్యాయి. మణికట్టు బెణికిందని అందరికీ నేనే అబద్ధం చెప్పాను.

ఇంటికొచ్చాక ఐదు నెలలు చెల్లో పెట్టె తెరవలేదు. రేషను రొట్టెల వరసలో నిలబడితే "మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?" అని అడుగుతారని తల్లిని పంపేది. చూడలేక, చిన్నప్పుడు ఆమెకు పాఠం చెప్పిన యూసేబియా టీచర్ని వెంటబెట్టుకెళ్ళాను. ఆవిడకు ఎనభై మూడేళ్ళు, చూపు సగమే.

"నా వల్ల కాదు టీచరమ్మా," అంది ఇదాల్మిస్.

"నీ మొదటి పాఠంలో ఎన్ని వేళ్ళు వాడావే?"

"ఒక్కటీ లేదు. వట్టి తీగలమీద కమాను లాగాను, అంతే."

"మరింకేం? పెట్టె తియ్యి."

నలభై రోజులు వట్టి తీగలే. ఆ తర్వాత ఉంగరపు వేలిని పక్కనపెట్టి, బొటనవేలు ఎలాగూ చెల్లో మెడ వెనకే ఉంటుంది కాబట్టి మిగిలిన మూడింటితో ఒక్కో పేజీ కొత్తగా నేర్చుకుంది. ఏ వేలు ఎక్కడ పెట్టాలో రాసుకున్న ఇరవయ్యేళ్ళ పెన్సిలు గుర్తులన్నీ రబ్బరుతో చెరిపేసింది. కొన్ని రచనలు ఇక కుదరవని తేలింది. ఒకదాన్ని అలమరలో పెట్టేస్తూ ఏడ్చింది.

ఒకరోజు ఆమెకు వీలుగా ఉంటుందని నేను నెమ్మదిగా వాయించాను. కమాను ఆపేసింది.

"జాలిపడుతున్నావా?"

"లేదు."

"అయితే ఎప్పటిలా వాయించు. అందుకోలేకపోతే నన్ను నేనే తిట్టుకుంటాను, నిన్ను కాదు."

మూడున్నరేళ్ళు పట్టింది. నవంబరులో ఒక మధ్యాహ్నం మా ఊరి థియేటర్లోనే మళ్ళీ వేదికెక్కింది. రెండో భాగంలో చెయ్యి జారి ఒక స్వరం గీరుకుపోయింది. నేను వేగం తగ్గించలేదు. ఆమె తలెత్తకుండా చివరిదాకా వాయించింది. అయ్యాక టీచరమ్మ కర్ర పొడుచుకుంటూ వేదిక వెనక గదిలోకొచ్చింది.

"రెండో భాగంలో శ్రుతి తప్పావు."

"తెలుసు."

"రేపు పదింటికి రా."

ఇదాల్మిస్ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నాలుగేళ్ళయింది.

ఇప్పుడు ఏడాదికి పది కచేరీలే. పోయిన మార్చిలో లిస్బన్ వెళ్ళొచ్చాం. ఇంకా పిలుస్తున్నారు గానీ మంగళ, గురువారాల్లో ఊళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పాలని ఆమే వద్దంటోంది.