కుండమార్పు వదినలు

కుండమార్పు అంటే చెప్పడానికి చాలా సులువు. మీ పిల్లను మా ఇంటికివ్వండి, మా పిల్లను మీ ఇంటికిస్తాం. ఒకే పందిరి, ఒకే పూట, రెండు పెళ్లిళ్లు. సిరిసిల్ల కళావతి కోరుట్ల జలపతిని చేసుకుంది. జలపతి చెల్లెలు నీల, కళావతి అన్న రాజేశ్‌ను చేసుకుంది. అందుకే ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. ఎంత ముచ్చట! ఒక కాపురం చెడితే రెండోదాన్నీ చెడగొట్టాలన్న సంగతి మాత్రం ఆ పందిట్లో ఎవరూ ఎత్తలేదు.

సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయాక రాజేశ్ మగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండి పోయాడు. అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడని కొన్నాళ్లకు తెలిసింది. సిరిసిల్లలో అత్త దగ్గరే బీడీలు చుట్టుకుంటూ ఉన్న నీల ఫోన్లో ఏడ్చినప్పుడల్లా కళావతి ఒకటే మాట చెప్పేది.

"ఓర్సుకో ఒదినె. నువ్వు అస్తే నన్ను గూడ ఎల్లగొడ్తరు."

నీల మూడేళ్లు ఓర్చుకుంది. మొన్న పొద్దున చేతిసంచితో కోరుట్లలో దిగింది. మనిషి ఎండుకట్టెలా ఉంది.

మామ లేని ఆ ఇంట్లో పెత్తనమంతా కళావతి అత్త దేవవ్వదే. కూతుర్ని చూసి భోరుమంది. కళ్లు తుడుచుకుని కోడలి వైపు తిరిగింది.

"నా బిడ్డ ఒక్కతే అచ్చింది. నువ్వు గూడ ఒక్కదానివే పో. పిల్ల గీన్నే ఉంటది."

పిల్లంటే అనూష, నాలుగేళ్లది. కళావతి మొగుడి వైపు చూసింది. మంచివాడే జలపతి, ఆటో పిలవడానికి లేచాడు. తప్పు చేసినవాడు భీవండిలో హాయిగా ఉన్నాడు. వాడి జోలికి ఎవరూ పోరు. ఇక్కడ ఆడవాళ్లను మాత్రం అటూ ఇటూ పంపి లెక్క సరిచేస్తారు!

ఆటో వచ్చింది. అనూష తల్లి కొంగు వదల్లేదు. పిల్ల వేళ్లు విడిపించబోయిన నీల మధ్యలో ఆగిపోయింది.

"అవ్వా, ఒదినెను పంపకు. నేనే మల్ల పోత," అని తల్లితో అంది.

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అని దేవవ్వ అరిచింది. నీల వినిపించుకోలేదు. కళావతి మొహంలోకే చూస్తోంది.

వద్దు ఒదినె, అనాలి. మనిషన్నాక అనాలి. ఆ సంగతి కళావతికీ తెలుసు. అయినా పిల్లను ఎత్తుకుని గట్టిగా హత్తుకుంది, ఆటోకు అడ్డం లేకుండా పక్కకు జరిగింది.

నీల తన సంచి తీసుకుని ఎక్కింది. ఓర్చుకో అని ఈసారి చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.