ఇంకొక్క తిప్పు

నడి ఏట్లో పడవ మోటారు ఆగిపోతే, తప్పెవరిదో విచారించకముందే మెకానిక్కుదేనని తీర్పు చెప్పేవాళ్లలో మీరూ ఒకరా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే రాస్తున్నాను.

రేవు వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. లోపల చెక్క దిమ్మెలకు తగిలించిన పడవ మోటార్లు, నీళ్లు నింపిన ఇనుప డ్రమ్ము, పెట్రోలూ తడి తాడూ కలిసిన వాసన. ఆ షెడ్డు నడిపే ఆమెను అందరూ మోటారక్క అంటారు. తండ్రి పోయాక ఆయన పనిముట్లు ఈమెకు వచ్చాయి, పడవ అన్నకు వెళ్లింది. అన్న సరంగు. జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటిస్తాడు. అతని మోటారు బాగుచేసే పని మాత్రం, అడగకుండానే, చెల్లెలిదైంది.

ఇప్పుడు తగవు ఎక్కడ మొదలైందో చెప్పాలి. స్పార్క్ ప్లగ్గు ఉక్కుది; అది కూర్చునే హెడ్డు, అంటే ఇంజను పైమూత, అల్యూమినియంది. ఈ రెండింటి బలాలు సమానం కావు. బిగింపు హద్దు దాటితే ప్రతిసారీ ఓడిపోయేది మెత్తటి లోహమే. అందుకే ఇంజను చల్లారాక, ప్లగ్గును వేళ్లతో ఆగేదాకా తిప్పి, ఆ తర్వాత రెంచితో వాషరు నలిగేంత మాత్రమే బిగించాలి. పని అక్కడితో అయిపోతుంది. కానీ ఈ రేవులో అక్కడితో అవ్వదు. మెకానిక్కు బిగించినదాన్ని, బయలుదేరేముందు, సరంగు తన చేత్తో ఇంకొక్క తిప్పు తిప్పుతాడు. తిప్పనివాడిని చూసి తోటి సరంగులు నవ్వుతారు. మోటారక్క అన్న అంతటితో ఆగలేదు. రెంచి పిడికి బారెడు ఇనుప గొట్టం తొడిగాడు.

“అన్నయ్యా, ఆ గొట్టమేంటి?”

“పట్టు కోసం.”

“ప్లగ్గేమైనా పారిపోతుందా ఏంటి, కట్టేయడానికి?”

“నీ బిగింపు నమ్ముకుని ఇంతమందిని ఎక్కించుకోమంటావా?”

“నువ్వు బిగించట్లేదు, దాని పీక పిసుకుతున్నావు.”

రేవంతా నవ్వింది. సరంగు నవ్వలేదు, గొట్టమూ వదల్లేదు.

మొదటిసారి ప్లగ్గు రంధ్రంలోని మరలు ఊడినప్పుడు మోటారక్క హెడ్డు విప్పి బల్లమీద పెట్టుకుంది. చెడిపోయిన మరలను, మరలు కోసే పనిముట్టయిన పెద్ద ట్యాపుతో కోసేసి, కొత్త మరలు తీసి, వాటిలోకి బుష్, అంటే మరలున్న ఉక్కు తొడుగు, ఎక్కించాలి; ప్లగ్గు ఇకపై ఆ బుష్ లోపల కూర్చుంటుంది. ట్యాపును కొంచెం ముందుకు తిప్పాలి, లోహపు పొట్టు విరగడానికి మళ్లీ వెనక్కి తిప్పాలి, నూనె వేయాలి. చెయ్యి ఏమాత్రం ఒరిగినా రంధ్రం వంకరపోతుంది, ప్లగ్గు జన్మలో తిన్నగా కూర్చోదు. ఆమె చెయ్యి ఒరగలేదు. అన్న ఆ బుష్‌నీ గొట్టంతో పెకలించాడు. రెండోసారి ఇంకా లావుపాటి బుష్ వేస్తూ ఆమె చెప్పింది: “ఇదే ఆఖరు. దీని చుట్టూ ఇక లోహం లేదు. ఆ గొట్టాన్ని ఏట్లో పారేయ్.” పారేస్తానన్నాడు. అలాంటి మాటలకు అతని దగ్గర కొరత లేదు.

ఆ బుష్ నడి ఏట్లో, నిండు పడవలో, ప్లగ్గుతో సహా ఎగిరిపోయింది. మోటారు ఆగింది. ప్రవాహం పడవను ఈడ్చుకెళ్లి వంతెన స్తంభానికి కొట్టింది. బట్టలు కుట్టుకుని బతికే ఒక పెద్దాయన కుడి మణికట్టు విరిగింది. పడవ ఇంకాస్త ఒరిగి ఉంటే ఏమయ్యేదో నేను రాయనక్కర్లేదు.

ఒడ్డున కాలు పెడుతూనే సరంగు అన్న మాట ఇది: “మా చెల్లెలి పనే. ఆడదాని చెయ్యి, బిగువెక్కణ్ణుంచి వస్తుంది?”

అంతే. విచారణ ముగిసింది! ఫిర్యాదీ అతనే, సాక్షీ అతనే, న్యాయమూర్తీ అతనే. హెడ్డు చూద్దామన్నవాడు ఆ రేవులో ఒక్కడు లేడు. మర్నాటికి ఆమె షెడ్డు ముందు ఆగి, “మా మోటారు ఇచ్చేయక్కా, తర్వాత చూద్దాం” అని నీళ్లు నమిలినవాళ్లు మాత్రం ఉన్నారు. వదిన వచ్చి బుజ్జగించింది.

“పోనీ, పొరపాటైందని ఒక్క మాట అనేయమ్మా. మీ అన్నయ్య పరువు నిలబడుతుంది.”

“మరి నాది, వదినా?”

“నీకేంటి, పనిమంతురాలివి. నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోతారు.”

ఓర్చుకోగలిగినవాళ్ల మీదే నింద మోపడాన్ని మన ఇళ్లలో సర్దుబాటు అంటారు. నేను దాన్ని అన్యాయం అంటాను.

గాయపడిన పెద్దాయన తరఫు లాయరుగా వివరాలు తీసుకోవడానికి నేను ఆ షెడ్డుకు వెళ్లేసరికి, మోటారక్క హెడ్డును వెలుతురులోకి తిప్పి చూస్తోంది. బుష్ ఊడిన చోట లోహం పెచ్చులుగా లేచిపోయింది. రంధ్రం అంచు నుంచి బోల్టు రంధ్రం దాకా వెంట్రుకంత పగులు. పడవ అడుగున దొరికిన ప్లగ్గు వాషరు కాగితంలా అణిగిపోయి ఉంది. హెడ్డును ఇలాగే భద్రంగా ఉంచమని, నిపుణుడు పరీక్షిస్తే ఆమె మీది నింద తొలగిపోతుందని చెప్పాను. ఆమె ముఖం మొదటిసారి తేటపడింది. “నిజంగానా?” అంది.

అప్పుడే అన్న వచ్చాడు.

“ఇంకా విప్పే కూర్చున్నావా? రేపు సంత. జనం కాచుకుని ఉంటారు.”

“ఇది పగిలింది. కొత్త హెడ్డు రావాలి.”

“వచ్చేదాకా మెటల్ పేస్టు పూసి బిగించు.”

“ఆ వేడికి పేస్టు నిలుస్తుందా? మళ్లీ నడి ఏట్లోనే ఊడుతుంది.”

“నువ్వు పూయకపోతే అవతలి షెడ్డువాడు పూస్తాడు. వాడు నీలా సొద పెట్టడు. ఇటివ్వు.”

ఆ క్షణంలో నాకు చట్టమంతా నోటికి వచ్చి, ఒక్కటీ పనికి రాలేదు. హెడ్డు అతని సొత్తు. ఏ ఉత్తర్వూ లేకుండా అతన్ని ఆపే హక్కు నాకు లేదు, ఆమెకు లేదు. కాదు పొమ్మని చేతులు దులుపుకుంటే ఆమె బాధ్యత అక్కడితో తీరిపోయేది. పడవ మాత్రం తెల్లవారి నిండుగా బయలుదేరేది.

మోటారక్క హెడ్డును అన్న చేతికి ఇవ్వలేదు. బల్లకున్న వైసు దవడల మధ్య పెట్టి బిగించింది. ఇనుప రంపం తీసుకుని, సరిగ్గా ప్లగ్గు రంధ్రం మీద ఆనించింది. ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థమైంది.

“అక్కా, వద్దు! మీ తప్పు లేదనడానికి ఉన్న రుజువు అదే.”

“తెలుసమ్మా.”

“ఏయ్, అది నా సొమ్మే!” అని సరంగు మీదికొచ్చాడు.

“నీదే. వెళ్లి కేసు పెట్టుకో. లాయరమ్మ ఇక్కడే ఉంది,” అంటూనే ఆమె రంపం లాగింది.

అన్న బూతులు తిట్టాడు. అమ్మ మీద ఒట్టు పెట్టాడు. ఈ గడప మళ్లీ తొక్కనన్నాడు. సందులో జనం పోగయ్యారు. ఆమె తల ఎత్తలేదు. తనను కాపాడగలిగిన ఆ పెచ్చులనూ, ఆ పగులునూ తన చేత్తోనే పొడి చేస్తూ, హెడ్డు రెండు చెక్కలై వైసుకు చెరోవైపు పడేదాకా కోసింది.