మల్లవ్వ కాలు దక్కించుకున్న తీరు

గుమ్మడిదల దగ్గర కూరగాయలు పండించే మల్లవ్వకు బెండతోటలో ఇనుప రేకు గుచ్చుకుని అరికాలు తెగింది. షుగర్ వల్ల మొద్దుబారిన కాలు కావడంతో నొప్పి తెలియలేదు. చూసుకునేసరికి చీము పట్టింది. సంగారెడ్డి దవాఖానలో డాక్టరమ్మ చెడిన కండ తీసి కట్టు కట్టింది.

"రోజూ కట్టు మార్చాలి. తడి తగలకూడదు. ఆ కాలు నేల మీద ఆనించొద్దు" అని మరీ మరీ చెప్పింది.

భర్త మొగులయ్య మందుల కంపెనీలో వాచ్‌మన్. ఇంట్లో ఏనాడూ పొయ్యి ముట్టించని మనిషి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, డాక్టరమ్మ చూపించినట్టే గాయం శుభ్రం చేసి కట్టు మార్చేవాడు.

నొప్పి లేదు కదా అని ఒకరోజు అతడు డ్యూటీకి పోగానే మల్లవ్వ తోటకు నడిచింది. మర్నాడు మధ్యాహ్నం మొగులయ్య కట్టు విప్పితే వాసన వచ్చింది. చుట్టూ ఎర్రగా వాచింది.

"ఆటో పిలుస్తున్న, లే."

"రేపు పోదాం తియ్యి."

"రేపంటే కాలు పోతది. ఇప్పుడే!"

డాక్టరమ్మ మళ్లీ శుభ్రం చేసి మందులు మార్చింది. "ఇంకా ఆలస్యమైతే కాలి వేలు తీసేయాల్సి వచ్చేది" అంది. ఆ తర్వాత మల్లవ్వ మంచం దిగితే కర్ర ఊతంతోనే. తోటను ఫోన్లోనే చూసుకుంది. మొగులయ్య తోటలోంచి వీడియో కాల్ చేస్తే, "అది ముదిరింది, పక్కది తెంపు!" అని అరిచేది.

పక్కింటి పోశమ్మ పుండుకు పెట్టమని ఆకు నూరి పసరు తెచ్చింది.

"వద్దు చెల్లె, పుండు కరాబైతది. నీకు చెయ్యాలనుంటే జెర రెండు బిందెల నీళ్లు తెచ్చి పొయ్యి" అంది మల్లవ్వ.

పోశమ్మ నవ్వి, ఆ రోజు నుంచి నీళ్లు తెచ్చిపోసింది.

గాయం అంచులు గులాబీరంగుకు తిరిగాయి. గుంట పూడింది. ఒక పొద్దున కట్టు విప్పిన మొగులయ్య ఆమె కాలును వెలుతురుకు తిప్పి వంగి చూశాడు.

"ఏందయ్యా, మళ్ల ఏమైంది?"

"మూసుకున్నదే! మొత్తం మూసుకున్నది!"

డాక్టరమ్మ కూడా చూసి, ఇక మెత్తటి చెప్పులేసుకుని మెల్లగా నడవమంది. మల్లవ్వ కర్ర లేకుండా తోట గట్టెక్కింది. దూరం నుంచి పోశమ్మ కేకేసింది.

"నడుస్తున్నవా అక్కా?"

"నడుస్తున్న! రెండు కాళ్లతోని నడుస్తున్న!"