అట్లాసు అంచు

ఏ పుస్తకం చేతికొచ్చినా బైండరు ముందుగా దాని అంచు మీద బొటనవేలు నడిపిస్తాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఒక్కటీ వదలకుండా, అచ్చు ఆగిపోయిన చోట మిగిలిన తెల్లని జాగానంతా తడుముతాడు. అక్కడ పెన్సిలు గీత ఒక్కటి కనబడినా ఆ పుస్తకం కటింగ్ మిషన్ దాకా పోదు. అంచులు ఎగుడుదిగుడుగా ఉండగానే అట్ట వేసి ఇచ్చేస్తాడు.

"బైండింగు చేస్తున్నారా, నాడి చూస్తున్నారా?" అని కోర్టు గుమాస్తా ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు.

"పెళ్ళినాడు నా మొహం కూడా ఇంత శ్రద్ధగా చూడలేదండీ ఈయన," అంటుంది లోపల జిగురు కలుపుతున్న భార్య.

బైండరు నవ్వడు. తర్వాతి పేజీ తిప్పుతాడు.

ఇరవయ్యో ఏట, పనిలో చేరిన కొత్తలో, అతను ఇంట్లో ఉన్న పాత అట్లాసును షాపుకు పట్టుకెళ్ళాడు. అది తాతది. తాత పోయి అప్పటికి రెండు నెలలు. కుట్లు ఊడిపోయి పేజీలు దేనికది విడిగా ఉన్నాయి. కొత్తగా వచ్చిన విద్య, చెయ్యి ఊరుకోలేదు. కుట్టాడు, జిగురు పెట్టాడు, మూడు పక్కలా మిషన్ కింద పెట్టి మీట లాగాడు. అంచులు నున్నగా తేలాయి. కింద పడిన ముక్కల్ని ఊడ్చి చెత్తబండిలో పోశాడు. ఇంటికొచ్చి నాన్నకు చూపిద్దామని పేజీలు తిప్పుతుంటే, అప్పుడు కనబడ్డాయి పెన్సిలు గీతలు.

ఇంట్లోంచి ఎవరు ఏ ఊరు వెళ్ళినా తాత అట్లాసులో ఆ ఊరి చుక్క నుంచి పేజీ అంచు దాకా సన్నగా గీత గీసేవాడు. గీత చివర, అంచు మీద, మనిషి పేరూ చిరునామా రాసేవాడు. ఇల్లు మారితే చెరిపి మళ్ళీ రాసేవాడు. ఎక్కువసార్లు చెరిపింది బాబాయి కోసం. నాన్నతో మాటామాటా వచ్చి ఇల్లు విడిచిన బాబాయి, కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ ఊళ్ళు పట్టుకు తిరిగాడు. ఎక్కడున్నా తాతకు మాత్రం ఒక కార్డు పడేసేవాడు.

ఇప్పుడు గీతలు మిగిలాయి. వాటి చివర ఏమీ లేదు.

వారం తిరక్కుండానే మేనత్త వచ్చింది. ఆమె భర్తకు బదిలీ అయింది. నాన్న కూడా ఆ పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాడు.

"తమ్ముడికి మా కొత్త చిరునామా రాయాలిరా. ఆ అట్లాసు ఇలా తే," అంది.

దొంగకు తేలు కుట్టినట్టయింది అతనికి. "అంచులన్నీ చెదలు తినేశాయి అత్తా. మందు పూసి షాపులో పెట్టాను. ఇప్పుడు ముట్టుకోకూడదు."

అత్త నమ్మింది. ఊరి పేరు గుర్తు తెచ్చుకోవాలని చూసింది. "నది పక్కన ఏదో ఊరు... నాన్న చెప్పేవాడు..." అంది. నోటికి రాలేదు. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఊరి పేరు అట్లాసులో ఉంది, అచ్చులో, గీత మొదలైన చుక్క పక్కనే. పేజీ తెరిచి చూపిస్తే చాలు. కానీ తెరిస్తే కోత కూడా కనబడుతుంది. వచ్చే వారం చెబుదామనుకున్నాడు. ఆ వచ్చే వారం ముప్పై ఎనిమిదేళ్ళయినా రాలేదు. నాన్న పోయాడు. అట్లాసు కాగితం చుట్టుకుని షాపులో పై అరలో ఉండిపోయింది.

ఈ ఏడు అత్త కొడుకు, బావ, ఫోను చేశాడు.

"ఏమోయ్, అమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. నిన్ను చూడాలంటోంది, తాత అట్లాసు కూడా తెమ్మంటోంది. చెదలు తిన్నంత తిననీ, మిగిలిందే చూస్తానంటోంది."

పన్నెండు గంటల రైలు ప్రయాణం. ఆ దారిన అతను ఒక్కసారీ వెళ్ళలేదు. అత్త పిలిచినప్పుడల్లా పని ఉందనేవాడు. ఎదుటి సీటు పెద్దమనిషి "ఏం పుస్తకమండీ, చూడొచ్చా?" అంటే వినబడనట్టు కిటికీ వైపు తిరిగాడు. చెప్పవలసిన మాటను స్టేషనుకో రకంగా మార్చుకున్నాడు. ఒక స్టేషనులో "పొరపాటున" అని చేర్చాడు. తర్వాతి స్టేషనులో తీసేశాడు.

బావ స్టేషనుకు వచ్చాడు. "అమ్మ పడితే గాని నీ కాళ్ళు కదలవన్నమాట! ముందే చెబితే నేనే ఎప్పుడో తోసేవాణ్ణి కదయ్యా!"

ఇల్లు మందుల షాపు మీద మూడు గదులు. మంచం పక్క స్టూలు మీద మాత్రలు, పిలవడానికి ఒక చిన్న గంట. అత్త దిండుకు ఆనుకుని కూర్చుంది. గుమ్మంలోనే అతని అడుగు ఆగింది. నాన్న గడ్డం, నాన్న చెవులు. ఇన్నేళ్ళుగా ఈ మొహాన్ని కూడా తప్పించుకు తిరిగానని అప్పుడు తట్టింది.

"జుట్టంతా ఏదిరా? దాన్నీ చెదలు తిన్నాయా?" అంది అత్త.

బావ పకపకా నవ్వాడు. బైండరు అట్లాసు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

అత్త వెంటనే తెరవలేదు. మూసిన పేజీల పక్కన అరచెయ్యి ఆనించి, ఈ కొస నుంచి ఆ కొసకు నిమిరింది. మళ్ళీ నిమిరింది.

"చెదలు స్కేలు పెట్టుకుని తింటాయా?"

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. చెదలు తిన్న మేరకే కోశానని అనవచ్చు. అత్త నమ్మినా నమ్ముతుంది.

"చెదలు లేవత్తా. నేనే కోశాను. చూసుకోకుండా కోశాను."

"అప్పటికి నీకెన్నేళ్ళని? కుర్రతనం," అంది అత్త, పేజీలు తిప్పుతూ. ఒక గీత దగ్గర వేలు ఆగింది. కోత దగ్గర నుంచి వెనక్కి, గీత వెంబడే, చుక్క దాకా వెళ్ళింది. కళ్ళజోడు అడిగి పెట్టుకుంది. ఊరి పేరు చదివింది. మళ్ళీ చదివింది.

"ఇదేరా ఆ ఊరు! ఈ గీత నువ్వెప్పుడు చూశావు?"

"కోసిన రోజే."

బావ నవ్వు ఆగిపోయింది. 

"వాడే నన్ను మరిచిపోయాడనుకున్నాను," అంది అత్త. "రాతిగుండె వెధవ అని ఎంతమందితో అన్నానో. వాడు పాత ఇంటికి ఎన్ని కార్డులు రాశాడో, ఎవరు చించి పారేశారో."

"నన్ను తిట్టు అత్తా."

"నిన్ను తిడితే వాణ్ణి తిట్టినవి వెనక్కొస్తాయా?"

ఆమె గోడ వైపు తిరిగింది. అట్లాసు మాత్రం వదల్లేదు. సాయంత్రం దాకా అతన్ని పిలవలేదు. వంటింట్లో బావ కంచం ముందుకు జరిపి "తినవోయ్, ఆవిడ కోపం నాకలవాటే," అన్నాడు. అతను కంచం పక్కకు జరిపాడు. పక్క గదిలోంచి గంట మోగింది. అతను లేవబోయాడు.

"వాడొద్దు, నువ్వు విను," అని కొడుకును కేకేసింది అత్త, ఇద్దరికీ వినబడేలా. "ఆ నది ఊరికి పొద్దున్నే బస్సు ఎన్నింటికో కనుక్కుని వాడికి చెప్పు. మా తమ్ముడు ఉంటే ఉన్నాడని, పోతే పోయాడని, రెండింట్లో ఒకటి తెలుసుకుని గాని ఇంటికి పోకూడదని చెప్పు."

మర్నాడు ఉదయం అయిదున్నర బస్సుకు బైండరు బయల్దేరాడు. ఊళ్ళో దిగి, తెరిచి ఉన్న మొదటి టైలరు షాపులో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన గురించి అడిగాడు.

"ముసలాయనేనా? నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇక్కడే. మూడో సందు, నీలం తలుపు. చెవుడు లేదు గాని రెండుసార్లు పిలవాలి. పనిలో ఉంటే పలకడు."

నీలం తలుపు తీసే ఉంది. లోపల ఒక మనిషి మిషన్‌ను పక్కకు వంచి నూనె చుక్కలు వేస్తున్నాడు. అదే గడ్డం.

"బాబాయ్," అన్నాడు బైండరు. రెండోసారి అన్నాక ఆయన తలెత్తాడు.

"ఎవరు నువ్వు?"

"మీ అన్నయ్య కొడుకుని."

ఆయన నూనె డబ్బా బల్ల మీద పెట్టాడు. "అక్క ఉందా?"

"ఉంది బాబాయ్."

"ఉందా! మరి ఒక్క ముక్కయినా రాయలేదేంరా?"

బాబాయి స్టూలు మీది గుడ్డలు తీసి, దాన్ని అతని వైపు జరిపాడు. బైండరు కూర్చోలేదు. రెండు చేతులతో తలుపు పట్టుకుని, నిలబడే, ఆ మీట లాగిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.