పొట్టు పొగలో పోయిన ఊపిరి

ఆ రోజు కొలిమి దగ్గర నుంచి గుమ్మం దాకా నడవలేక మధ్యలోనే కూలబడ్డాను. ఊపిరి అందలేదు. ఎండదెబ్బ అనుకున్నాం.

కదిరి దగ్గర మా ఇంటి వెనక షెడ్డులో గోడకు తగిలించే మట్టి పలకలను ‘రాకు’ అనే జపాను పద్ధతిలో కాల్చేదాన్ని. వాటి మీద త్రిభుజాలు, చదరాలు, అడ్డగీతలు, అంతే. “ఇది యా దేవుడు మే?” అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఎర్రగా కాలిన పలకను పటకారుతో తీసి, వేరుశనగ పొట్టు నింపిన డ్రమ్ములో వేసి మూత పెడితే, ఆ పొగకు పూత లేని చోటంతా నల్లబడుతుంది. పొట్టు చెమ్మగా ఉంటే నలుపు చిక్కగా పడుతుంది. అందుకని సంచుల మీద నీళ్లు చల్లి ఉంచేదాన్ని. మా వైపు వానకే కరువు, పొట్టుకు కాదు.

ఊళ్లో డాక్టరు ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు. దగ్గు, సాయంత్రానికి జ్వరం తగ్గలేదు. అనంతపురంలో కళ్లె పరీక్ష చేసి టీబీ కాదన్నారు. ఆస్పత్రిలో ఉంటే కుదుటపడేదాన్ని, ఇంటికొస్తే మళ్లీ మొదలు. దిష్టి అని అత్త గుమ్మడికాయ కట్టించింది.

చివరికి ఊపిరితిత్తుల డాక్టరమ్మ నిలదీశారు. “ఈడ తగ్గి ఆడ ఎక్కువైతాందంటే, ఆడ ఏముండాదమ్మా? ఏం పని చేస్తావు?”

“బొమ్మలు చేస్తా మేడం.”

“దేంతో చేస్తావు?”

మా ఆయన అందుకున్నాడు. “శెనక్కాయ పొట్టు కాలుస్తాది మేడం. మూట ఇప్పితే బూజు వాసన, తెల్లగా దుమ్ము లేస్తాది.”

ఛాతీకి హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ తీయించి, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అన్నారు. తడి పొట్టుకు పట్టిన బూజును నేను రోజూ పీల్చానట, అది పడక ఊపిరితిత్తులు వాచాయట.

స్టెరాయిడ్లకు ముఖం ఉబ్బింది, నిద్ర పట్టేది కాదు. ఊపిరి మాత్రం కొంత తిరిగొచ్చింది. ఆ ధైర్యంతో మాస్కు కట్టుకుని, బాగా ఎండిన కొత్త పొట్టుతో ఒక్క పలక కాల్చాను. ఆ వారంలోనే ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. కంటికి కనబడనంత బూజున్నా చాలట.

“స్కారింగ్ వచ్చేసిండాది, లోపల మచ్చలు పడినాయి. పోయిన భాగం తిరిగి రాదు. పనా, ప్రాణమా, నువ్వే చెప్పు” అన్నారు డాక్టరమ్మ. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఇప్పుడు కరెంటు కొలిమిలో కాలుస్తాను. నలుపుకు రంగు పూస్తాను. అది రాకు కాదని కొనేవాళ్లు గుర్తుపట్టరు, అదే నాకు ఎక్కువ బాధ. మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమే.

డాక్టరు మీ పనేమిటని అడిగితే పని పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. దేన్ని ముట్టుకుంటారో, ఏం పీలుస్తారో మొత్తం చెప్పండి, అడగకపోయినా చెప్పండి. మేం చెప్పేసరికే నా ఊపిరితిత్తుల్లో మచ్చలు పడిపోయాయి.